హిమశ్రీ వేలు

సూరత్‌లో ఉధ్నా రైలు పట్టాలకు అవతల, సాంచాలని పిలిచే మరమగ్గాల షెడ్లను ఆనుకుని ఉన్న ఆ గల్లీలో ఫోన్లన్నీ ఒక్క వేలికే తెరుచుకునేవి. ఆ వేలు హిమశ్రీది.

ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. ఆ గల్లీ మగవాళ్లలో సగానికి సగం వైపని చేసేవాళ్లు. సాంచా మీద పడుగు పోగు చుట్టిన పాత భీము అయిపోగానే కొత్త భీము ఎక్కించి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను చేత్తో అతకాలి. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుని, రెండు కొసలనూ కలిపి ఒక మెలి, ఒక మడత, ఒక నలుపు. ఒక్కో భీముకు వేల పోగులు. ఏళ్ల తరబడి అట్లా నలిపిన వేళ్ల మీద గీతలు మిగలవు. ఆడవాళ్లు కండెలు చుడతారు, వాళ్ల వేళ్లదీ అదే గతి. పొద్దస్తమానం పోగు ఒరుసుకుని చర్మం గాజుగోలీలా నున్నబడుతుంది. ఫోను ఆ వేళ్లను చూసి, నువ్వెవరో నాకు తెలియదంటుంది. నంబరు పెట్టుకొమ్మంటే పెట్టుకుంటారు, తెల్లారేసరికి మరిచిపోతారు. కాలేజీలో బీకాం చదువుతూ, పోగు ముట్టని హిమశ్రీ వేలు ఒక్కటే గీతలతో నిక్షేపంగా ఉంది గనక, కొత్త ఫోను కొన్నవాళ్లు దానికి పసుపు కుంకుమ పెట్టి నేరుగా తిరుపతయ్య గదికి వచ్చేవాళ్లు. "బిడ్డా, జర నీ ఏలు పెట్టు" అనేవాళ్లు. తిరుపతయ్య ఆ వేలికి తండ్రి అయినందుకు లోలోపల గర్వపడేవాడు. తన ఫోను కూడా తన వేలికి తెరుచుకోదన్న సంగతి నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఫోను తెరిస్తే, తెరిచిన మనిషికి లోపలిది కనబడకుండా ఉండదు. ఎవరి ఇంట్లో ఎవరికి పడటం లేదో, ఎవరు సొంతూరు సిరిసిల్లకు చాటుగా డబ్బు పంపుతున్నారో, పెళ్లీడు పిల్ల ఎవరి ఫోటో దాచుకుందో, హిమశ్రీకి తెలియనిది లేదు. తెలిసినదేదీ ఆమె నోటి నుంచి బయటికి రాలేదు. తండ్రికి కూడా చెప్పేది కాదు. ఫోన్లో చూసింది ఫోన్లోనే ఉండాలని ఎవరూ ఆమెకు నేర్పలేదు, తనంతట తనే అట్లా పెట్టుకుంది. గల్లీకి ఆ సంగతి తెలుసు. అందుకే ధీమాగా ఫోను చేతికిచ్చి, పక్కన కూర్చుని మక్కబుట్ట తినేవాళ్లు.

ఆ వేసవిలో ఆమెకు అన్నీ దూరం నుంచి జరుగుతున్నట్టు ఉండేవి. ఏప్రిల్‌లో కరోనా జ్వరం వచ్చి తగ్గింది. వాసన పోయింది, రుచి పోయింది, కాళ్ల కింద నేల దూదిలా ఉంది. సూరత్ ఊరు ఊరంతా కళ్లు మూసుకుని పడుకున్నట్టుండేది. చీరల మార్కెట్లు మూసేశారు. షెడ్లలో సాంచాలు ఒక పూట నడిస్తే రెండు పూటలు ఆగేవి. ఎప్పుడూ ఆగని మోత ఆగేసరికి గల్లీలో మాటలు మరీ గట్టిగా వినబడి, మనుషులు తమ గొంతుకు తామే ఉలిక్కిపడేవాళ్లు. పగటిపూట అంబులెన్సు కూత వినబడితే ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. తల్లి పద్మారాణి సిరిసిల్లలో అమ్మమ్మ దగ్గర చిక్కుకుపోయింది. హిమశ్రీ మంచం మీద వెల్లకిలా పడుకుని, కిటికీలోంచి వచ్చే వెలుతురులో నూలు దుమ్ము తేలుతుంటే గంటల కొద్దీ చూసేది. కళ్లు మూస్తే ఎన్నో తలుపులు, అన్నిటికీ తన వేలే తాళంచెవి. ఒక్కో తలుపు తెరిచి లోపలికి పోకుండానే మళ్లీ మూస్తున్నట్టు కల వచ్చేది.

ఒక్క సంగతి మాత్రం ఆమెను నేల మీదికి దించేది. వచ్చే నెల నుంచి నట్టూభాయ్ సేట్ ఆఫీసులో కూర్చునే పని. కార్మికుల జీతాలు బ్యాంకులో వేసే పని అది. గల్లీ నుంచి షెడ్డుకు కాకుండా ఆఫీసుకు పోబోతున్న మొదటి మనిషి తనే. ఆ సేట్ షెడ్డులో ఏళ్లుగా కండెలు చుట్టే బాలవ్వ, "ఆ పోరి మీద నా పూచీ సేట్‌జీ. గల్లీ గల్లీ ఫోన్లన్ని దాని చేతులనే ఉన్నయి" అని చెబితే, ఆయన ఇంకేం అడగకుండా సరేనన్నాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా హిమశ్రీకి కడుపులో చల్లగా ఉండేది.

సాయంత్రాలు కర్ఫ్యూ మొదలయ్యేలోగా డాబా మీద సభ కూడేది. సభకు పెద్ద ప్రజ్వల్. హిమశ్రీ పెద్దమ్మ కొడుకు, అమ్రోలిలో గది తీసుకుని ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేవాడు. ఆఫీసు మూతపడి, మెస్సు మూతపడి, తిండికి కష్టమై చిన్నాయన పంచన చేరాడు. అతని దగ్గర ఒక ఫోను ఉండేది. అందులో ఏ కంపెనీ వేలూ దూరకుండా ఉన్నదంతా పీకేసి, కొత్త సాఫ్ట్‌వేర్ తనే ఎక్కించుకున్నాడు. అది మోగితే ఎవరు చేశారో పైకి కనబడదు. తప్పు నంబరు కొన్నిసార్లు కొడితే లోపల ఉన్నదంతా దానంతట అదే తుడిచేసుకుంటుంది. గల్లీ దానికి గుట్టు ఫోను అని పేరు పెట్టింది.

"బ్యాంకును నమ్మొద్దు, సర్కారును నమ్మొద్దు, కంపెనీని అస్సలు నమ్మొద్దు" అన్నాడు ప్రజ్వల్ ఆ రోజు, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని. "నోట్లు రద్దయిననాడు లైన్ల నిలబడ్డది మరిచిపోయిన్రా? నీ పైసలు నీకు ఇయ్యనీకి వాడెవడు? అదే క్రిప్టో కాయిన్లయితే నీ తాళంచెవి నీ దగ్గర్నే. కొన్ని కాయిన్లుంటయి, ఎవరు ఎవరికి పంపిన్రో కూడా బయటోడికి కనబడది."

బాలవ్వ కొడుకు అర్జున్ ముందుకు జరిగి వింటున్నాడు. ఎంబ్రాయిడరీ మిషన్ మీద పని అతనిది. మార్కెట్ మూసినప్పటి నుంచి పని లేదు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు.

"తాళంచెవి నీ ఒక్కడి దగ్గర్నే ఉంటే, రేపు నువ్వు దవాఖానల పడితే?" అంది హిమశ్రీ. "పెద్దమ్మకు ఫోన్ ఎవలు చేస్తరు అన్నా? ఫోన్ల పేర్లు గూడ కనబడయి. మొన్న సివిల్ హాస్పిటల్ల ఒకాయన దగ్గర ఫోనున్నా, ఇంటోళ్లు ఎవలో తెల్వక ఎంత తిప్పలయ్యిందో."

ప్రజ్వల్ తల పైకెత్తి చూశాడు. పావురాలు ట్యాంకు మీద వాలి, మళ్లీ లేచాయి. "దానికి ధర ఉంటది హిమా. స్వేచ్ఛ ఊకె రాదు."

"ఆ ధర పెద్దమ్మ కడ్తది, నువ్వు గాదు."

"సరే, నా సంగతి ఇడిచిపెట్టు. నీ సంగతి చెప్పు. గల్లీల ఇన్ని తాళాలకు నువ్వు ఒక్కదానివే చెవి. ఇది పద్ధతేనా? నువ్వు మంచిదానివే, కాదంటలేను. మంచితనం తాళం గాదు. రేపు ఎవలదన్నా ఏదన్నా పోతే ఫస్ట్ చూసేది నీ దిక్కే."

హిమశ్రీ నవ్వేసింది. ఎవరైనా నవ్వేవాళ్లే. తిరుపతయ్య ఇద్దరి మాటలూ విని, "రెండూ నిజం లెక్కనే ఉన్నయి" అని ఆవలించి కిందికి దిగిపోయాడు. అర్జున్ మాత్రం చీకటి పడేదాకా ప్రజ్వల్‌ను వదలలేదు. కాయిన్ ఎట్లా కొనాలి, ఎక్కడ కొనాలి, ఎంతలో పెరుగుతుంది అని ఒకటే అడిగాడు. ప్రజ్వల్ కూడా అడిగినవాడికి కాదనకుండా ఓపిగ్గా చెప్పాడు. జ్ఞానం దాచుకోకూడదన్నది అతని సిద్ధాంతం. ఒక్క జ్ఞానం తప్ప మిగతావన్నీ దాచుకునేవాడు.

తుఫాను వస్తుందని ఫోన్లలో హెచ్చరికలు మొదలైన రోజు ఆకాశం పసుపుపచ్చగా మారింది. తీగలు ఊగుతున్నాయి. డాబా మీది బట్టలు తీసుకుని దిగుతున్న హిమశ్రీకి మెట్ల మీద అర్జున్ ఎదురయ్యాడు. చేతిలో బాలవ్వ ఫోను.

"హిమా, అవ్వకు రెండో సూదికి స్లాట్ చూడాలె. జర ఇప్పు."

గల్లీ మొత్తానికి సూది మందు స్లాట్లు చూసి పెట్టేది హిమశ్రీయే. ఇది కొత్త సంగతి కాదు. చంకలో బట్టలు పట్టుకునే వేలు పెట్టింది. ఫోను తెరుచుకుంది. అర్జున్ అక్కడే గోడకు ఆనుకుని టకటకా ఏదో కొట్టాడు. గాలికి చీర ఒకటి జారిపోతే అందుకోబోయి తల తిప్పినప్పుడు ఆమెకు కనబడింది. స్లాట్ల పేజీ కాదది. నీలంరంగు పేజీ, పచ్చగీత ఒకటి మెట్లు ఎక్కుతున్నట్టు పైకి పోతోంది. తర్వాత బ్యాంకు పేజీ. పిన్ను అడిగింది. ఆ గల్లీలో అందరి పిన్నూ పెద్దకొడుకు పుట్టిన సంవత్సరమే. అర్జున్ తను పుట్టిన సంవత్సరం కొట్టాడు.

"అర్జున్, గదేంది?"

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అవ్వ చీటీ పైసలు ఊకెనే పడున్నయి గద. పది దినాలల్ల రెండింతలైతయ్. మళ్ల యాడియి ఆడ పెట్టేస్త. ఎవ్వలకు చెప్పకు హిమా. నువ్వు చెప్పవని నాకెర్కే."

"మీ అవ్వకు చెప్పి చెయ్యి."

"చెప్త. నేనే చెప్త."

తను చెబుతానన్నాడు కదా అని ఆమె కిందికి దిగింది. కానీ మనసులో ముల్లు గుచ్చుకుంది. ఆ రాత్రంతా వాన. గాలి రేకుల మీద గుర్రాలు పరిగెత్తినట్టు పరిగెత్తింది. ఫోన్లో చూసింది ఫోన్లోనే ఉండాలన్న మాట ఇంతకాలం ఆమెకు తేలిగ్గా ఉండేది. ఆ రాత్రి అది బరువెక్కింది. అయినా పొద్దున్న బాలవ్వ నీళ్ల బిందెతో ఎదురైతే, "గాలికి నిద్రవట్టలేదు అవ్వా" అంది తప్ప మరేం అనలేదు.

గాలి పోయిన మర్నాడు పచ్చగీత విరిగిపడింది. ప్రపంచమంతా కాయిన్లు అమ్ముకుంటోందట. ఎందుకో ఎవరికీ సరిగా తెలియదు. ఏదో దేశం వద్దందని ఒకరు, ఎవరో ధనవంతుడు ఏదో అన్నాడని ఒకరు. అర్జున్ డాబా మీద పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. "ఆగు, మళ్ల లేస్తది. ఇప్పుడే అమ్ముకోకు" అన్నాడు ప్రజ్వల్. అతనిదీ సగం పోయింది, అయినా తొణకలేదు. పోయినా తట్టుకునేంత జీతం నెలనెలా వచ్చేవాడికి ఓపిక పట్టడం సులువు. అర్జున్ భయపడి అప్పటికే అమ్మేశాడు. మిగిలింది ఏమంత లేదు.

రెండు రోజులకు బాలవ్వ ఉధ్నాలో బ్యాంకుకు పోయింది, పొరుగింటి వెంకటవ్వ వెంటబోయింది. తిరిగి వచ్చేటప్పుడు వెంకటవ్వ గొంతు ముందు వచ్చింది. లోపల అన్నం వారుస్తున్న హిమశ్రీకి నల్లా దగ్గరి మాటలన్నీ వినబడ్డాయి.

"గీకిన్రు! మొత్తం గీకిన్రు! బ్యాంకాయన ఫోన్ల నుంచే పోయినయన్నడు" అంటోంది వెంకటవ్వ. "ఫోన్ నీదేనాయె. నీ ఏలికి ఇప్పుకోదాయె. మరి ఇప్పేదెవలే బాలవ్వా?"

 నల్లా నీళ్లు బిందెలో పడుతున్న చప్పుడు వినబడింది. హిమశ్రీ గంజి గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఇప్పేది హిమ ఒక్కతే" అంది బాలవ్వ.

అంతే అంది. దొంగ అనలేదు, తిట్టలేదు. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గంజి చేతి మీద ఒలికి కాలింది గాని, హిమశ్రీకి ఆ మంట చాలాసేపటికి గాని తెలియలేదు.

మరుసటి పొద్దున్న మొదట వెంకటవ్వ వచ్చింది. గడప దాటలేదు. ఫోను ముందుకు చాపి, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ, "ఏమనుకోకు బిడ్డా. మా ఆయన ఒప్పుకుంటలేడు. నీ ఏలు తీసెయ్యి" అంది. ఎట్లా తీయాలో వెంకటవ్వకు తెలియదు. గల్లీలో ఎవరికీ తెలియదు. తన వేలిని తనే తీసేయాలి. హిమశ్రీ చేయి తుడుచుకుని ఫోను అందుకుంది. తీసేయడానికి కూడా ముందు వేలు పెట్టి తెరవాలి. తెరిచి, లోపలికి పోయి, తన వేలిముద్ర ఎక్కడుందో చూసి నొక్కింది. తొలగించమంటారా అని ఫోను ఎంతో మర్యాదగా అడిగింది. అవునంది. వెంకటవ్వకు కొత్త నంబరు పెట్టుకోవడం చూపించింది.

ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు వచ్చారు. కొందరు ముఖం మాడ్చుకుని వచ్చారు, కొందరు ఏదో వంక చెప్పారు. బ్రహ్మచారి తాత పాపం, "ఫోన్ గరమైతుంది, డాక్టరు ఏలిముద్రలు తక్కువ ఉంచుకొమ్మన్నడు" అన్నాడు. ఆయనను చూస్తే హిమశ్రీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎండ గడప మీంచి జరిగి మంచం కాలు దాకా వచ్చింది. ఆమె వేలు పెడుతోంది, తెరుస్తోంది, తీసేస్తోంది. కలలో తలుపులు మూసినట్టే ఉంది. మధ్యలో తను నిజంగా మేలుకునే ఉన్నానా అని అనుమానం వచ్చి కాలిన చోట గిల్లి చూసుకుంది.

మధ్యాహ్నం సేట్ ఆఫీసు నుంచి గుమాస్తా మునీమ్‌జీ ఫోను చేశాడు. "బేటా, అభీ థోడా రుక్ జా. సేట్‌జీ తర్వాత చెబుతానన్నారు." ఎందుకని ఆమె అడగలేదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు.

ఆమె తండ్రికి అన్నం పట్టుకుని షెడ్డుకు పోయింది. ఒక మూల సాంచా ఆగి ఉంది. తిరుపతయ్య దాని ముందు బల్ల మీద కూర్చుని వైపని చేస్తున్నాడు. ఎడమచేతి మీదుగా పాత పోగులు, ఎదురుగా కొత్త పోగులు. రెండు కొసలూ వేళ్ల మధ్యకు వస్తాయి, ఒక నలుపుతో ఒకటవుతాయి. ఎక్కడ అతికిందో కంటికి కనబడదు. పక్కన చిన్న డబ్బా మూతలో బూడిద. అతను చేతులు ఆపలేదు, చూపు తిప్పలేదు.

"బాలవ్వ ఫోన్ ఇప్పినవా నువ్వు?"

"ఇప్పిన నాయినా."

"ఎవలకు?"

హిమశ్రీ సద్ది విప్పి, పచ్చడి సర్ది, నీళ్ల సీసా పక్కన పెట్టింది. జవాబు గొంతు దాకా వచ్చింది. అర్జున్ అని ఒక్కమాట అంటే చాలు, సాయంత్రానికల్లా గల్లీ తల్లకిందులవుతుంది. డాబా మీద పిట్టగోడ పట్టుకుని నిలబడ్డ అర్జున్ గుర్తొచ్చాడు. ఆ గోడ అవతలికి అతను చూస్తున్న చూపు గుర్తొచ్చింది. మాట వెనక్కి పోయింది.

తిరుపతయ్య రెండు పోగులు అతికి, మూడోది వేళ్ల మధ్యకు తీసుకున్నాడు. "సరే తియ్యి" అన్నాడు. మళ్లీ అడగలేదు. బూడిద అంటిన చేతులతోనే అన్నం ముందు కూర్చుని, సగం ముద్దకు లేచి మళ్లీ పనిలో పడ్డాడు. ఆ మిగిలిన సగం అన్నం చూస్తే హిమశ్రీకి పొద్దుటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

సాయంత్రం డాబా మీద ప్రజ్వల్ ఒక్కడే ఉన్నాడు. సభ రద్దయింది. హిమశ్రీ ఎదురుగా పోయి నిలబడింది.

"అన్నా, అర్జున్‌కు కాయిన్ల ఖాతా తెరిచి ఇచ్చింది నువ్వే గద. పైసలు యాడికెళ్లి వచ్చినయో నీకు తెలుసా?"

"అడగలే. ఒకరి పైసల సంగతి ఇంకొకరు అడగొద్దు."

"ఇప్పుడు తెలుసు గద. నువ్వు చెప్పొచ్చు. నీ మాట అందరు ఇంటరు."

ప్రజ్వల్ చాలాసేపు ఫోను అంచును బొటనవేలితో రుద్దాడు. "చూడు హిమా. ఎవరి లావాదేవీ వాళ్ల గుట్టు. నేను నమ్మేదే అది. ఈరోజు నీ కోసం చెప్తే, రేపు ఇంకోడు వచ్చి ఇంకోటి చెప్పమంటడు. నువ్వు గూడ అందుకే గద చెప్తలేవు? మనిద్దరిదీ ఒకటే మాట."

"ఒకటి గాదన్నా. చెప్పకపోతే నీకేం పోతలేదు."

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోపం రాలేదు అతనికి. సిగ్గుపడ్డాడు. కానీ సిగ్గుపడి ఊరుకున్నాడు. మర్నాడు మెస్సు తెరిచారని సంచి సర్దుకుని అమ్రోలి పోయాడు.

ఆ తర్వాత ఒక పొద్దున్న, తిరుపతయ్య షెడ్డుకు పోయిన వెంటనే బాలవ్వ వచ్చింది. తలుపు దగ్గరికి వేసింది. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, హిమశ్రీ మంచం మీద కూర్చోబోతూ ఆగి, నేల మీద కూర్చుంది. వారం రోజుల్లో ముఖం పీక్కుపోయింది.

"సేట్ దగ్గర్నించే వస్తున్న. బ్యాంకోళ్ల తప్పయ్యిందట, పైసలు మళ్లొస్తయట అని చెప్పిన. గల్లీల గూడ గదే చెప్త. నీ మీద మచ్చ ఉండది బిడ్డా. ఒకటో తారీకు కెల్లి రమ్మన్నడు నిన్ను."

"పైసలు వచ్చినయా అవ్వా?"

"ఏడికెళ్లి వస్తయే?" బాలవ్వ నేల మీది చాప పోచను గిల్లుతూ కూర్చుంది. "నాకు ఎర్కనే. బ్యాంకుకు పోక ముందే ఎర్క. పొద్దుగాల వాడు కాళ్లు పట్టుకుని ఏడ్సి చెప్పిండు. నిజమో అబద్ధమో సూతమని బ్యాంకుకు పోయిన. ఎంకటవ్వ ఎంబడి వడ్డది. వచ్చి నల్లా కాడ గట్ల నిలదీసె. ఎవలిప్పిన్రు, ఎవలిప్పిన్రు అని. అందరు ఇంటున్నరు. వాని పేరు చెప్తే..." ఆమె చేయి పైకెత్తి డాబా వైపు చూపింది. "వాడు పైనే ఉన్నడు అప్పుడు. పిట్టగోడ కాడ."

హిమశ్రీ తల తిప్పుకుంది. కిటికీలోంచి వచ్చే వెలుతురులో నూలు దుమ్ము తేలుతూనే ఉంది. మొదటిసారి ఆమెకు అది అందంగా కనబడలేదు.

"మరి నా పేరెందుకు అవ్వా? నేనేం చేసిన నీకు?"

"నువ్వేం చేస్తవ్ బిడ్డా." బాలవ్వ తలెత్తింది. ఆ కళ్లలో కపటం లేదు. చెప్పేది తనకే వింతగా ఉన్నట్టు చెప్పింది. "ఇంకెవల పేరు తీసినా నా ఇంటి మీదికి వస్తుండిరి, లోపలున్నదంత గుంజుతుండిరి. నువ్వైతే నోరిప్పవని నాకు నమ్మకం. గల్లీల నీ అంత నమ్మకం నాకు ఎవ్వల మీద లేదు. అందుకే నీ పేరు చెప్పిన."

హిమశ్రీకి చెంపదెబ్బ తగిలినట్టయింది. నమ్మకం లేక తోసేశారనే ఇన్నాళ్లూ కుమిలిపోయింది. నమ్మకం ఉండి తోసేశారని తెలియడం అంతకన్నా ఎక్కువగా కోసింది. ఆమె లేచి గది చివరి దాకా పోయి, తిరిగి వచ్చింది. గది చిన్నది, పోయి రావడానికి చోటు చాలలేదు.

బాలవ్వ కొంగులోంచి ఫోను తీసి ముందుకు జరిపింది. అందులో హిమశ్రీ వేలు ఇంకా ఉంది. తీసేయమని రానిది ఆ ఒక్కతే. "మావోడు నిన్న సిరిసిల్ల బండెక్కిండు. మాట్లాడిస్తవా బిడ్డా? ఇప్పు జర."

"ఇప్పను అవ్వా."

"కోపమా?"

"కోపమే" అంది హిమశ్రీ. అని, ఆమె పక్కన నేల మీద కూర్చుంది. "నా ఏలు తీసేస్త. నువ్వు నంబరు పెట్టుకో. ఎట్ల పెట్టుకోవాల్నో నేను చూపిస్త. నీ ఫోన్ నువ్వే ఇప్పుకోవాలె."

"నాకు వస్తదా?"

"వస్తది."

ఆఖరిసారి వేలు పెట్టి తెరిచి, ఆ వేలిని తీసేసి, నంబరు అడిగే చోటుకు తెచ్చి ఫోను బాలవ్వ చేతిలో పెట్టింది. బాలవ్వ కళ్లు చిట్లించి, ఒక్కో అంకె మీద వేలు ఆనిస్తూ, నొక్కే ముందు దాని పేరు గట్టిగా పలకసాగింది. జీవితమంతా సాంచాల మోతలో మాట్లాడిన గొంతు, పక్క గది దాకా వినబడుతుంది. హిమశ్రీ గబుక్కున రెండు చేతులతో చెవులు మూసుకుంది. కానీ సాంచాల మోతలో పెరిగినవాళ్లకు మాట చెవితో వినడం కన్నా ముందు పెదవుల మీద చదవడం వస్తుంది. వద్దనుకున్నా చూపు అక్కడికే పోయింది. బాలవ్వ పెదవులు నాలుగు అంకెలనూ పూర్తిగా పలికాయి.

"అయ్యింది!" అంది బాలవ్వ సంబరంగా. తర్వాత ఆమె చేతుల వైపు చూసి, "ఇన్నవా?" అని అడిగింది.

"ఇనలే. నీ పెదవులు చూసిన."

"చూస్తే ఏమాయెనే" అని బాలవ్వ తేలిగ్గా ఊపిరి వదిలింది. "నువ్వు ఎవ్వలకు చెప్పవు గద."

హిమశ్రీ చెవుల మీది చేతులు దించింది.

"చెప్త అవ్వా" అంది. "ఇగ నన్ను ఎవలేం అడిగినా చెప్త."

బాలవ్వ నవ్వబోయింది. హిమశ్రీ నవ్వలేదు. బాలవ్వ ఆ ముఖంలోకి చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. బయట నల్లా దగ్గర ఎవరో బిందె మీద బిందె పెట్టిన చప్పుడైంది. ఆమె ఆ చప్పుడు వైపు ఒకసారి, పిల్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత గడ్డం కిందికి జారి ఉన్న మాస్కును నోటి మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నంబరు మార్సుడు ఇంకోసారి చెప్పు బిడ్డా" అంది మెల్లగా.